వేపాకు లేని చీర

నిన్న ధర్మవరం నుంచి వచ్చిన అట్టపెట్టె తెరవగానే కొత్త పట్టు వాసన గుప్పుమంది. నాకు తెలియకుండానే పై చీర మడత విప్పి వేళ్లతో తడిమి చూశాను. సరుకు తెచ్చిన నేతగాడు నవ్వి, "ఏమి ఎతుకుతాండావక్కా?" అన్నాడు. ఏమీ లేదన్నాను కానీ, నేను వెతికింది వేపాకు. శకుంతలక్క దగ్గర అబ్బిన అలవాటు అది.

హిందూపురంలో చింతపండు మండీల వెనక సందులో ఉండేది ఆమె ఆఫీసు. విదేశాలకు పోయే సరుకుకూ, అక్కడి నుంచి వచ్చే సరుకుకూ కస్టమ్స్ పనులు చూసిపెట్టేది. నేను పరిగి నుంచి బస్సులో వచ్చి ఆమె దగ్గర పనికి చేరేనాటికి, కస్టమ్స్ వాళ్లంటే సినిమాల్లో బంగారం పట్టుకునేవాళ్లనే నా అవగాహన. ఆమె విసుక్కోలేదు. అందరి ముందూ ఆటపట్టించింది, అది వేరే సంగతి. సరుకేమిటో, దేనితో చేశారో, ఎంత ఉందో, ఎవరికి పోతోందో మనమే ముందుగా చెప్పుకోవాలి. ఆ మాట నమ్మి వాళ్లు చాలా పెట్టెలను తెరవకుండానే వదిలేస్తారు. తెరిచిన ఒక్క పెట్టెలో చెప్పనిది కనబడితే మాత్రం, ఆ తర్వాత మనం ఏం చెప్పినా వినరు. ఆమె నాకు చెప్పిన పాఠమంతా ఇంతే. పెనుకొండ దగ్గరి ఫ్యాక్టరీ మేనేజరు ఒకాయన, విదేశం నుంచి తెప్పించిన పాత యంత్రానికి రంగు కొత్తగా ఉంది కనుక కొత్తదని రాసేయమన్నాడు. "జుట్టుకు రంగేసినంత మాత్రాన పెండ్లికొడుకు వయసు తగ్గదప్పా" అని పాతదనే రాయించింది. తనిఖీ అయ్యేదాకా యంత్రం రేవులోనే ఉండిపోయింది. ఆయన చాలా రోజులు ముఖం మాడ్చుకునే తిరిగాడు.

ధర్మవరంలో నాగరాజు, ఈశ్వరమ్మ దంపతులకు సొంత మగ్గాలుండేవి. దళారి లేకుండా వాళ్ల చీరలు మొదటిసారి నేరుగా ఆస్ట్రేలియాలో ఒక దుకాణానికి పోతున్నాయి. ఉన్నదంతా ఆ చీరల మీదే పెట్టారు. సరుకు దెబ్బతింటే మగ్గాలు అమ్ముకుని ఎవరి దగ్గరో కూలికి నేయాల్సిందే. కాగితాల పని ముగిసింది. చీటీలు అంటించడానికి వ్యాను మా ఆఫీసు ముందు ఆగింది. రేవుకు పోయే సరుకంతా బెంగళూరులోని కస్టమ్స్ గోదాము నుంచే కదులుతుంది. సాయంత్రం లోపల అక్కడికి చేరకపోతే ఓడ తప్పిపోతుంది. అక్క ఒక పెట్టె దగ్గర వంగి, వాసన చూసి, లోపల ఏముందని అడిగింది.

"పురుగు పట్టకుండా మడత మడతకూ యాపాకు పెట్టినానక్కా" అంది ఈశ్వరమ్మ సంబరంగా. "మొదటిసారి సముద్రం దాటి పోతాండాయి గదా."

మా వైపు పట్టుచీరను వేపాకు లేకుండా దాచేవాళ్లు తక్కువ. కానీ ఆ దేశంలోకి ఆకునూ గింజనూ అంత సులభంగా రానివ్వరు. పట్టుబడితే చీరలు ఆగిపోతాయి, చేతికి రాకుండా కూడా పోవచ్చు. పెట్టె తెరవరులే, పోనీయక్కా అని నాగరాజు బతిమాలాడు.

"తెరవకపోవచ్చప్పా. తెరిస్తే చెప్పుకోనీకి ఆడ మనం ఉండం గదా" అంది అక్క. "చెప్పిందే పెట్టెలో ఉండాల."

కత్తెర తెచ్చి పట్టీలు తనే కోసింది. ఆఫీసంతా చాపలు పరిచి, అందరం ఒక్కో చీరా విప్పి దులిపాం. తన చేత్తోనే తన మగ్గం మీద దెబ్బ కొట్టుకున్నానని ఈశ్వరమ్మ ఏడుస్తూనే ఉంది. అక్క ఆమెను ఒక్క మాట అనలేదు. పట్టు మడత ఆమెకు తెలిసినట్టు మాకు తెలియదని, మళ్లీ మడిచే పని మొత్తం ఆమెకే అప్పగించింది. ఓడ తప్పింది. అక్క ఆ దుకాణానికి ఫోన్ చేసి జరిగింది జరిగినట్టు చెప్పింది. వాళ్లు సణుగుతూనే తర్వాతి ఓడకు ఒప్పుకున్నారు. అక్కడ రేవులో ఆ పెట్టెలను నిజంగానే తెరిచారు. పట్టు తప్ప ఇంకేమీ కనబడలేదు. ఆ మగ్గాలు ఇప్పటికీ ఆడుతున్నాయి.

పోయిన ఏడాది శకుంతలక్క చనిపోయింది. ఈశ్వరమ్మ ధర్మవరం నుంచి కొత్త చీర తెచ్చింది. కప్పే ముందు దాన్ని మడతలన్నీ విప్పి, అందరి ముందూ గట్టిగా దులిపింది. ఈమెకేమైందని చుట్టాలు ముఖముఖాలు చూసుకున్నారు. ఆమె వంగి అక్క చెవి దగ్గర మెల్లగా చెప్పింది.

"ఆకు ఒగటి గూడా లేదక్కా. చూసుకో."

అప్పటిదాకా బిగబట్టుకున్న నాకు ఏడుపు ఆగలేదు. అక్క కుర్చీలో ఇప్పుడు నేను కూర్చుంటున్నాను. నిన్న ఆ చీరను నేతగాడి చేతే మళ్లీ మడిపించి, పెట్టె మూయించి, చెప్పిందే ఉందని సంతకం పెట్టాను.