గోడవైపు చోటు

మా తాతగారి వెండి పువ్వుల పీట మీద కూర్చుని భోంచేసే హక్కు నాది. ఎస్టేటు పోయింది, ఊళ్ళు పోయాయి. చోడవరంలో ఇల్లూ, ఆ పీటా మిగిలాయి. నాన్న దాని మీద కూర్చునేవారు కాదు. ఉన్న ఆస్తి నిలుపుకోలేనివాడికి పీట ఎందుకని విడిగా చాప వేసుకునేవారు. అందుకని నాయనమ్మ పెద్ద మనవణ్ణయిన నన్ను కూర్చోబెట్టింది. అప్పటికి నాకు పదేళ్ళు.

భోజనాల వసారాలో అందరి వెనకనుంచీ పెరట్లోకి రాకపోకలు సాగేవి. గోడవార పీట వేసుకునే నా ఒక్కడికే వీపు గోడకు ఆనేది. అమ్మ వడ్డన అక్కడే మొదలుపెట్టేది.

తమ్ముడు నాకంటే నాలుగేళ్ళు చిన్న. కంచం ముందు కూర్చోబెడితే చాలు, ఉన్నట్టుండి కేక పెట్టేవాడు, పక్కవాళ్ళను కరిచేవాడు, కంచం విసిరేవాడు. ఆ కేకలు వీధిలోకి వినపడేవి. గొంతు పెంచడమే తప్పనుకునే ఇల్లు మాది.

"వాత పెట్టు. ఒక్కపాలి పెడితే కుదురుతాడు" అనేది నాయనమ్మ.

"వాతకి నోరు మూసుకుంతాడు అత్తా. కూడు తినడు కదా" అనేది అమ్మ.

అమ్మ వాణ్ణి కొట్టేది కాదు, గమనించేది. అదే నాకు గిట్టేది కాదు. ఏ కూరకు ఏడ్చాడు, ఎవరు వచ్చినప్పుడు ఏడ్చాడు అని రోజంతా వాడి ధ్యాసే. నేను నిటారుగా కూర్చుని మెతుకు కింద పడకుండా తినేవాణ్ణి. దాన్ని గమనించినవాళ్ళు లేరు.

ఒకనాడు వాడు కనపడకపోతే వెతికాం. వడ్ల గాదెకూ గోడకూ మధ్య సందులో దూరి, గిన్నెలో చద్దన్నం నెమ్మదిగా తింటున్నాడు. అమ్మ కాసేపు అలాగే చూసింది.

"వీడికి వీపెనకాల ఎవరూ ఉండకూడదు అత్తా. అడుగుల సప్పుడు వినీసరికి బెదురుతన్నాడు."

"అలాగని గాదె సందున కూకోబెడతావేటే? మనింటి గుంటడు కుక్కలాగ మూలని తింతాడా?"

"సందులో కాదు. పెద్దోడి సోట్లో."

నాయనమ్మ నా వైపు తిరిగింది. "ఒరే పెద్దోడా, ఒకపాలి దిగేవంటే మరెక్కవు. సూసుకో."

అమ్మ బలవంతపెట్టలేదు. "అది నీ సోటు బాబూ. నువ్వు ఒప్పుకుంటేనే" అంది. ఒప్పుకోకపోతే నేను చెడ్డవాణ్ణి, ఒప్పుకుంటే చోటు పోతుంది. అలా అడిగేకంటే లాక్కున్నా బాగుండేది.

కొన్ని పూటలు నేను కదల్లేదు. వాడూ కంచం విసరడం మానలేదు. ఒక పూట పప్పు వచ్చి నా చొక్కా మీద పడింది. తుడుచుకుంటూ అడిగాను.

"ఏట్రా, నా పీట కావాలేటి నీకు?"

వాడు వెక్కుతూ తల అడ్డంగా ఊపాడు. "పీటొద్దు. గోడ కావాలి."

అందరూ నవ్వారు, చాప మీద నాన్నతో సహా. నాకు నవ్వు రాలేదు. నేను రోజూ తుడిచి కూర్చునే పీట వాడికి అక్కర్లేదట. లేచి, పీట చంకన పెట్టుకుని, పెరటి గుమ్మం పక్కన వేసుకున్నాను. పీట దిగలేదు కదా అని నాయనమ్మ తృప్తిపడింది.

తమ్ముడు గోడకు వీపు ఆనించి కూర్చున్నాడు. అమ్మ వాడి పక్కన వంగి, "ఇప్పుడు పనిమనిషి వస్తాది. నీ ముందునించే ఎల్తాది, సూడు" అని ముందుగానే చెప్పింది. పనిమనిషి వచ్చింది, వెళ్ళింది. వాడు చూసి, అన్నం కలుపుకున్నాడు.

వడ్డన ఎప్పటిలాగే గోడ దగ్గర మొదలైంది. ఆ మర్యాద పీటది కాదని నాకు అప్పుడు తెలిసింది. నా వంతు వచ్చేసరికి నేతి గిన్నెలో గరిటె అడుగుకు తగులుతోంది. నా వెనకనుంచి ఎవరో బిందెతో వెళ్తే మెడ మీద నీళ్ళు చిందాయి. నేను వీపు వంచలేదు.

వాడు కంచం ఖాళీ చేశాడు. అమ్మ వాడి తల నిమిరి, కొంగుతో కళ్ళు ఒత్తుకుంది. అన్నం కుదురుగా తిన్నందుకు. నేను ఊహ తెలిసినప్పటినుంచీ చేస్తున్నది అదే.