వాస్తు ఒప్పుకోని ర్యాంపు

మా అపార్ట్‌మెంటు మెట్ల దగ్గర ర్యాంపు కడితే వాస్తు చెడుతుందని సిద్ధాంతి అన్నాడని ఆరేళ్ల క్రితం అందరికీ చెప్పాను. నేను ఏ సిద్ధాంతినీ అడగలేదు. ఈ సంగతి ఇంతకాలం దాచాను.

అప్పుడు మారేడ్‌పల్లిలోని ఆ అపార్ట్‌మెంటుకు నేను కార్యదర్శిని. గేటు దాటగానే ఐదు మెట్లు. వాటికి నల్ల గ్రానైటు నేనే ఏరి తెచ్చి వేయించాను. ర్యాంపు అంటే అందులో సగం పగలగొట్టాలి. అసలు కారణం అదే.

అడిగింది మొదటి అంతస్తులో అద్దెకున్న ఆవిడ. ఆమె కూతురికి ఎనిమిదేళ్లు, పుట్టినప్పటి నుంచీ కాళ్లు నిలవవు. లిఫ్టు ఉంది కానీ, అది మెట్ల పైన మొదలవుతుంది. రోజూ బడి ఆటో దాకా పిల్లను ఒకసారి, చక్రాల కుర్చీని ఒకసారి మోసేది.

"అన్నా, నడుము పోతున్నది. జెర ర్యాంపు ఏపియ్యుండ్రి. లేకుంటే పొల్ల బడి బందైతది."

"నాకైతే ఇష్టమే చెల్లే. వాస్తు ఒప్పుకుంటలేదు."

"మెట్లకు లేని వాస్తు ర్యాంపుకెట్లొచ్చిందన్నా?"

ఆ ప్రశ్న అపార్ట్‌మెంటు సమావేశంలో ఇంకెవరూ అడగలేదు. అక్కడ ఒక ఫిజిక్సు లెక్చరర్ కూడా ఉన్నాడు. మెట్లున్నది ఈశాన్యంలో అని నేననగానే అందరికంటే ముందు తలూపింది ఆయనే.

ఆ ఏడాది డిసెంబరులోనే పద్మారావు నగర్‌లో ఒక సభలో, పిల్లల వైకల్యం ప్రపంచమంతా తలదించుకోవాల్సిన సమస్య అని ఇరవై నిమిషాలు మాట్లాడాను. ఎక్కడో ఆఫ్రికా పిల్లల్ని తలుచుకుని కళ్లు తుడుచుకున్నాను. ఆ వేదికకూ ర్యాంపు లేదు. ఫొటో కోసం మా మొదటి అంతస్తు పిల్లనూ మరికొందరినీ కుర్చీలతో సహా పైకెత్తి, ఫొటో అయ్యాక దించేశారు. ప్రపంచం కోసం బాధపడటం హాయిగా ఉంటుంది. దానికి సొంత మెట్లు పగలగొట్టుకోనక్కర్లేదు.

వేసవికి ముందే ఆవిడ నడుము పట్టేసింది. పిల్లను ఆటోలోకి ఎత్తేవాళ్లు లేక బడి ఆగిపోయింది. మెట్లు లేని ఇల్లు వెతుక్కుని వాళ్లు సీతాఫల్‌మండికి వెళ్లిపోయారు. ఆరు నెలలకు బైకులు లోపల పెట్టుకోవాలని అందరూ గొడవ చేస్తే, అదే ఈశాన్యంలో, అదే గ్రానైటు పగలగొట్టి ర్యాంపు పోయించాను. వాస్తు మారు మాట్లాడలేదు.

మొన్న అపార్ట్‌మెంటు వార్షికోత్సవంలో నాకు శాలువా కప్పారు. 'వికలాంగుల కోసం ర్యాంపు కట్టించిన మానవతామూర్తి' అని సన్మానపత్రం చదివారు. చప్పట్లు కొట్టారు. శాలువా వేడికి కాదు గానీ, చెమటలు పట్టాయి.

మర్నాడు సీతాఫల్‌మండి వెళ్లాను. ఆవిడ నడుముకు బెల్టు కట్టుకుని తలుపు తీసింది. నేను నసుగుతూ మొదలుపెట్టగానే చెయ్యి అడ్డం పెట్టింది.

"నాకెందుకు చెప్తున్నరు? రెండేండ్లు ఇంట్ల కూసున్నది నేను గాదు. గా పొల్లకు చెప్పుండ్రి."

పిల్లకు ఇప్పుడు పద్నాలుగేళ్లు. తనకంటే చిన్నవాళ్లతో ఏడో తరగతి చదువుతోంది. లెక్కల పుస్తకం మూయకుండానే నావైపు చూసింది.

"ఏందంకుల్, గిప్పుడొచ్చిండ్రు? మళ్లా ఏమన్న సభ ఉన్నదా?"

కుర్చీ చూపిస్తారేమోనని చూశాను. చూపించలేదు. నిలబడే చెప్పాను.

"సభ లేదు బిడ్డా. సిద్ధాంతి సుత లేడు. మెట్లు ఖరాబైతయని నేనే అబద్ధం చెప్పిన. నీ బడి బందు పెట్టించింది నేనే. తప్పైంది. మాఫ్ చెయ్యమని అడగనీకి వచ్చిన."