ఖాళీ కనిపిస్తే కర్చీఫ్ వేసెయ్

తమ్ముడి పెళ్లికి ఆడపడుచు ఆలస్యంగా రావడం లోకంలో కొత్తేమీ కాదు. తన దారికి తానే అడ్డంగా పడుకుని ఆలస్యమైన ఆడపడుచును మాత్రం బహుశా నేనొక్కదాన్నే. ఆ ఘనకార్యం చెబుతాను, మొహమాటపడకుండా నవ్వండి. మా ఇంట్లో ఎలాగూ ఇంకా నవ్వుతూనే ఉన్నారు.

అప్పట్లో నేను సింగపూర్‌లో పరిశోధన చేస్తూ, బూన్ లే పేటలో ఒక ఫ్లాట్‌లో హైదరాబాదు షబానాతో కలిసి ఉండేదాన్ని. అక్కడి హాకర్ సెంటర్లో, అంటే తిండి దుకాణాల సముదాయంలో, టేబుల్ మీద టిష్యూ ప్యాకెట్ పెట్టి వెళ్తే ఆ సీటు మనదే. దాన్ని చోప్ చేయడం అంటారు. ఈ విద్య నాకెవరూ నేర్పనక్కర్లేదు. గుంటూరు బస్టాండులో కిటికీలోంచి కర్చీఫ్ విసిరి సీట్లు ఆపిన వంశం మాది.

డిసెంబరు సెలవుల్లో తమ్ముడి పెళ్లి. వాడికి ఉన్నది నేనొక్కదాన్నే అక్కను, బ్రహ్మముడి వెయ్యాల్సింది నేనే. అయినా టికెట్టు రేపు కొందాం, ఎల్లుండి కొందాం అంటూ కూర్చున్నాను. ఒక శనివారం మధ్యాహ్నం చూస్తే, పెళ్లికి ముందురోజు విజయవాడకి నేరుగా వెళ్లే విమానంలో మిగిలినవి రెండే సీట్లు! ఒకటి పట్టి, డబ్బు కట్టబోతూ అమ్మకు ఫోన్ చేశాను. ఎందుకు చేశానని అడక్కండి.

"ఆగవే! పదిన్నర దాకా రాహుకాలం. శుభమా అని పెళ్లికొస్తూ ఇప్పుడు కొంటావా?"

"అమ్మా, ఇక్కడ పన్నెండూ ముప్పావు అయింది. మా రాహుకాలం ఎప్పుడో అయిపోయింది."

"రాహువుకి వీసా ఏమన్నా కావాలా? మన టైమే చూడాలి. పావుగంట ఆగితే విమానం ఎగిరిపోదులే!"

విమానం ఎగరదు, సీటు ఎగురుతుంది. పట్టిన సీటును ఆ వెబ్‌సైటు పది నిమిషాలే ఆపుతుంది. నేను సేనాధిపతిలా లేచాను.

"షబానా! నీ ల్యాప్‌టాప్‌లో నా పేరున రెండో సీటు పట్టు. ఫోన్లో కూడా చూస్తుండు. ఖాళీ కనిపిస్తే చాలు, కర్చీఫ్ వేసెయ్!"

"పరేషాన్ గాకు యార్, నేను జూస్కుంట," అని ల్యాప్‌టాప్, ఫోను రెండూ పట్టుకుని వంటింట్లోకి పోయింది. పొయ్యి మీద ఖట్టీ దాల్ ఉంది మరి.

నా పది నిమిషాలూ తీరి సీటు జారిపోయింది. పోతే పోనీ, మళ్లీ పట్టుకుందామనుకున్నాను. మధ్యలో ఒకట్రెండుసార్లు ప్రయత్నించాను కూడా, దొరకలేదు. ఒంటిగంటకు రాహువును సాగనంపి మళ్లీ వెతికితే, విమానం నిండిపోయింది!

"ఎవడో దొంగవెధవ నా సీటు ఎత్తుకుపోయాడమ్మా!"

"వాడి చేతులు పడిపోను!" అని అమ్మ మనస్ఫూర్తిగా దీవించింది.

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకోవాల్సిన దాన్ని, లోకంలో అందరి భుజాలూ తడిమాను. వంటింటికీ నాకూ మధ్య పది అడుగులు. ఒక్క మాట అడగాలని తోచలేదు. దొరికిన టికెట్టు కొనేశాను. మూడు విమానాలు, పంతొమ్మిది గంటలు, ముహూర్తానికి గంట ముందు గన్నవరం. రద్దు చేస్తే పైసా రాదు.

అప్పుడొచ్చింది షబానా, ఒక చేతిలో గరిటె, ఇంకో చేతిలో ఫోను.

"ఏమైందే, పైసలు కట్టవా? రెండు సీట్లూ నా దగ్గర్నే ఉన్నయ్. టైము అయిపోతే మళ్ల పట్టుకుంటున్న. నడిమిట్ల ఎవడో దూరనీకి చూసిండు, నేను రానియ్యలే!"

ఆ ఎవడో నేనే.

పెళ్లిరోజు గన్నవరంలో దిగి, టాక్సీవాణ్ని తరిమి తరిమి, కొబ్బరిపీచులా లేచిన జుట్టుతో మండపంలోకి పరిగెత్తాను. జీలకర్ర బెల్లం అయిపోయింది. పీటల పక్కన ఆడపడుచు కుర్చీ చుట్టూ ఇద్దరు పిన్నులు తిరుగుతున్నారు. కుర్చీ మీద అమ్మ కర్చీఫ్ పరిచి ఉంది.

"పొద్దున్నించీ ముగ్గుర్ని లేపానే," అంది అమ్మ. "రెండు కర్చీఫులేసి నువ్వు పోగొట్టుకున్నావు, ఒక్కటేసి నేను ఆపాను. కూర్చో!"

నాకు ఏడుపు ఆగలేదు. ఏడుస్తూనే వాళ్ల కొంగులు ముడివేశాను. ఆ అగ్నిహోత్రం సాక్షిగానే ప్రతిజ్ఞ చేశాను: ఇక ఈ జన్మలో మనిషికి ఒక్క కర్చీఫే. రెండోది ముక్కు తుడుచుకోవడానికే!