వంశధార మీద చుక్కల గీత

నేను రిటైర్ కావడానికి ఆరేళ్ళ ముందు, ఏప్రిల్ మొదటివారంలో, శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో అరుదైన జీవుల ఆవాసాలను మ్యాపు చేసే పనికి నన్ను వేశారు. అప్పుడు నా హోదా అసిస్టెంట్ రీసెర్చ్ ఆఫీసర్. ఫలానా జీవిని ఫలానా చోట చూసినట్టు ఫైళ్ళలో ఉన్న పాత నమోదులన్నీ తీయాలి. ఒక్కొక్క చోటికీ వెళ్ళి అది ఇంకా ఉందో లేదో తేల్చాలి. అది తిరిగే చోటుతో పాటు దానికి నీరూ తిండీ అందించే చుట్టుపక్కల నేలను కూడా కలిపి సరిహద్దు గీయాలి. కాపాడదగిన ప్రాంతమని సిఫారసు చేసేది ఆ సరిహద్దునే. ఆధారం దొరికితే నిండు గీత, దొరక్కపోతే చుక్కల గీత.

నా వంతుకు వచ్చిన వాటిలో శ్రీముఖలింగానికి ఎగువన వంశధార మలుపు ఒకటి. ఇరవై ఏళ్ళ కిందటి చీటీలో "నీటికుక్కలు, పిల్లలతో" అని మాత్రం ఉంది. దానికి మూడు రోజులు కేటాయించారు. ఆమదాలవలసలో రైలు దిగి బస్సెక్కాను. ఆ రేవులో వల వేసే సూరమ్మ నన్ను తన పడవలో తిప్పడానికి ఒప్పుకుంది. అరవై దాటిన మనిషి. భర్త పోయాక ఒంటరిగానే వేటకు వెళ్తోంది.

నీటికుక్కల ఆచూకీ తెలియడానికి వాటిని కళ్ళారా చూడనక్కర్లేదు. రాళ్ళ మీద చేపపొలుసులు కలిసిన మలం, తడి ఇసుకలో అడుగులు, గట్టు కింద వాడుకలో ఉన్న బొరియలు చాలు. బొరియలు దొరికాయి. వాటి నోళ్ళకు సాలెగూళ్ళు పట్టి ఉన్నాయి.

"నా వల కొరికీసి సేపలు లాక్కుపోయీవి" అంది సూరమ్మ. "నాను తిట్టని తిట్టు లేదు. మా ఇంటాయన కర్రట్టుకుని తరిమీవోడు. ఇప్పుడు వల సిరగదు. పడవాపీసి ఇంటన్నాను తల్లీ, ఈలేస్తాయేమోనని. పిల్లల్ని పిలిసినప్పుడు ఈలేస్తాయవి."

ఆ మాట విన్నాక నేనూ చెవులు రిక్కించడం మొదలుపెట్టాను. నీళ్ళ చప్పుడు తప్ప ఏమీ లేదు.

మూడో రోజు పొద్దున్న ఆమె సగం బొచ్చెచేప పట్టుకుని రేవులో నిలబడి ఉంది. "సూడు, నీటికుక్క తిని ఒగ్గీసింది. రాసుకో."

నీటికుక్క చేపను పీక్కుతింటుంది. ఈ చేప అంచు నున్నగా తెగి ఉంది.

"సూరమ్మా, ఇది కత్తిపీట కోత" అన్నాను.

ఆమె తల దించుకోలేదు. "అవును, కత్తిపీటే. ఏటి సెయ్యమంటావు? నువ్వు రాస్తే గీత పడతాది. గీతుంటే ఇసక లారీలు రావు. ఇసకుంటే అవి ఎప్పుడో ఒకప్పుడు వస్తాయి."

దిగువ రేవుల్లో అప్పటికే ఇసుక తవ్వుతున్నారు. ఆమె భయం ఊరికే పుట్టింది కాదు. అయినా ఆ చేపను ఫారంలో రాయలేదు. "చుక్కల గీత గీస్తాను, అదీ మ్యాపులో ఉంటుంది" అని మాట ఇచ్చాను.

వానలు వెళ్ళాక మ్యాపులు అచ్చయి వచ్చాయి. జిల్లా అంతా ఒక్క కాగితంలో పట్టాలి కాబట్టి నిండు గీతలే ఉంచారు. చుక్కల గీతలు అనుబంధం ఫైల్లోకి వెళ్ళాయి. మా డిప్యూటీ డైరెక్టర్‌ని అడిగితే, రికార్డులో ఉన్నాయి కదా అన్నారు. నిబంధన ప్రకారం ఆయన చెప్పింది సరైనదే.

ఎవరిచేతనైనా చదివించుకోమని సూరమ్మకు ఆ మాట ఉత్తరంలో రాయబుద్ధి కాలేదు. మ్యాపు తీసుకుని వెళ్ళాను. సూరమ్మ చూరు కింద వల అల్లుకుంటోంది. ఆమెకు చదువు రాదు గాని, వంపులను బట్టి నదిని గుర్తుపట్టింది. మలుపు మీద వేలు పెట్టి, "గీతేదీ?" అంది.

చెప్పాను.

"నా సేప రాసీసుంటే ఉండేది" అంది. నేను మ్యాపు మడిచాను. "టీ తాగెళ్ళు" అని లేచింది.

మరుసటి వేసవి ఉపగ్రహ చిత్రంలో ఆ మలుపు దగ్గర తెల్లటి ఇసుక లేదు. బొరియలున్న గట్టు నదిలోకి జారిపోయింది. సూరమ్మను మళ్ళీ చూడలేదు. వెళ్ళాలనుకున్న ప్రతిసారీ ఏదో పని అడ్డం పెట్టుకున్నాను. ఇప్పుడు రైలు వంశధార వంతెన మీదికి రాగానే కిటికీ అద్దం పైకెత్తుతాను. ఆ చప్పుడులో ఏమీ వినపడదని తెలుసు. నేను ఒక్కసారీ వినని ఈల అది. వినాలని మాత్రం ఇంకా ఉంది.

చేపను రాయనందుకు నాకు విచారం లేదు. వేరే ఋతువులో మరోసారి చూడడానికి గడువు కోరే వీలు మా నిబంధనల్లో ఉంది. నేను కోరలేదు. ఏప్రిల్‌లో మూడు రోజులు వెతికి రాసిన "లేదు"కు అర్థం, ఏప్రిల్‌లో మూడు రోజులు కనిపించలేదనే. ఆ తర్వాత నేను సంతకం చేసిన ప్రతి ఫారంలోనూ ఏ నెలలో, ఎన్ని రోజులు వెతికామో, మళ్ళీ ఎప్పుడు వెళ్ళాలో రాశాను. అచ్చయ్యే కాగితంలో ఏది ఉంటుందో కనుక్కోకుండా ఎవరికీ మాట ఇవ్వలేదు.