షట్టర్ పడేదాకా

శంషాబాద్ నుంచి పాల్మాకుల వైపు వెళ్ళే రోడ్డు మీద ఒక బార్ ఉంది. దాని వెనక సందులో మొదటి ఇల్లు మాది. బార్ కట్టిన స్థలం ఒకప్పుడు మా చేనే. కార్లు నిలిపే చోటుకు అవతల, మూలన, మా ఆయన సమాధి ఉంది. మా రైతు ఇళ్ళల్లో మనిషిని సొంత చేనులోనే పూడ్చడం ఆనవాయితీ. ఆయన పోయిన తర్వాత మా బావగార్లు భూమి అమ్మేశారు. కొన్నవాళ్ళు మర్యాదస్తులే, సమాధి జోలికి పోకుండా ప్రహరీని అక్కడ కాస్త వంచి కట్టుకున్నారు. బతికినన్నాళ్ళూ ఆయన మందు దుకాణానికి నడిచాడు, చచ్చాక దుకాణమే నడిచి ఆయన దగ్గరికి వచ్చింది. ఈ మాట అని నేనే ముందు నవ్వుతాను. వినేవాళ్ళు నవ్వొచ్చో లేదో తెలియక నా మొహం చూస్తారు.

ఆయన్ని చంపింది తాగుడే. కడుపు ఉబ్బి, కళ్ళు పచ్చబడి, పెద్ద దవాఖానలో పోయాడు. అంతకు ముందు ఇరవై ఏళ్ళు నేను ఆయనతో కాపురం చేశాను. చేశాను అంటే, వైన్ షాపు మూసేదాకా మేలుకుని ఉన్నాను. అప్పట్లో మూల మీద ఒక వైన్ షాపు ఉండేది. రాత్రి దాని షట్టర్ దించితే ఆ చప్పుడు మా వంటింట్లోకి వినిపించేది. వినగానే పొయ్యి వెలిగించేదాన్ని. కూర వేడెక్కే లోపల ఆయన గుమ్మంలో ఉండేవాడు. "తలుపు తియ్యి, అన్నం పెట్టు" అనేవాడు. అన్నం చల్లగా ఉంటే కంచం ఎగిరేది. ఒక్కోసారి కంచం వెనకే నేనూ ఎగిరేదాన్ని.

నేను అంగన్‌వాడీ టీచర్ని. నా నోరంటే మా వీధిలో అందరికీ హడలే. పిల్లల గుడ్లు ఎవరైనా నొక్కేయబోతే సర్పంచ్ మనిషైనా సరే గుమ్మంలో నిలబెట్టి కడిగేసేదాన్ని. పొద్దంతా పులిలా తిరిగిన దాన్ని చీకటి పడితే పిల్లినయ్యేదాన్ని. ఆ నోరు రాత్రిపూట ఎక్కడికి పోయేదో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

ఆ కాపురంలో నేను నేర్చుకున్న లెక్క ఒకటే. దుకాణం ఎంత ఆలస్యంగా మూస్తే ఆయన అంత చెడ్డవాడై వస్తాడు. పెందలాడే మూయించిన రోజుల్లో మనిషి మనిషిలాగే వచ్చేవాడు, ఇప్పుడు అత్తారిళ్ళల్లో ఉన్న మా ఆడపిల్లల పెళ్ళిళ్ళ సంగతి కూడా మాట్లాడేవాడు. పండగలకూ, ఓట్ల ముందూ వెనక తలుపు తెరిచి అమ్మేవాళ్ళు చూడండి, ఆ రాత్రుళ్ళు వచ్చింది ఎవరో నేను గుర్తుపట్టలేకపోయేదాన్ని.

ఆయన పోయాక ఆ వైన్ షాపు ఎటో వెళ్ళిపోయింది. మా చేనులో బార్ లేచింది. దానికీ ఒక షట్టర్. మొదటి రాత్రి అది పడిన చప్పుడు వినగానే నేను లేచి పొయ్యి వెలిగించాను. కూర వేడి చేశాను. కంచంలో అన్నం పెట్టి, మీద ఇంకో కంచం బోర్లించాను. అప్పుడు గుర్తొచ్చింది నాకు, ఆ మనిషి లేడని. పిడికెడు మట్టి నా చేత్తోనే వేశాను కదా అని. అయినా కంచం తీయడానికి ధైర్యం చాలలేదు. మర్నాడూ పెట్టాను. ఆ మర్నాడూ పెట్టాను. పొద్దున్నే ఆ అన్నం సందులో కుక్కలకు వేసేదాన్ని.

మా వైపు చనిపోయినవాళ్ళకు ఇష్టమైనవి వండి పెట్టేది ఏడాదికి ఒకసారి, పెత్రమాస నాడు. నేను రోజూ పెడుతున్నానని తెలిసి చుట్టుపక్కల ఆడవాళ్ళు కళ్ళు ఒత్తుకున్నారు. కొట్టినా తిట్టినా ఎంత ప్రేమ చూడండ్రి అన్నారు. ఒకామె తన కోడలికి నన్ను చూపించి బుద్ధి చెప్పింది. నేను ఏమీ అనలేదు. ప్రేమ కాదు, భయం అని చెబితే నవ్వుతారు. ఆయన వచ్చి చూసేసరికి కంచం లేకపోతే నా గతి ఏమిటి అని నేను పెడుతున్నాను. మట్టి కింద ఉన్నవాడికి భయపడే ఆడదాన్ని ఎవరు మెచ్చుకుంటారు?

అలా కొన్నేళ్ళు గడిచాక, ఒక వానాకాలం మొదట్లో బార్ మేనేజర్ మా ఇంటికి వచ్చాడు. కోస్తా వైపు మనిషి. చెప్పులు బయటే విప్పి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"అమ్మా, ఒక నెల రోజులు మీకు కాస్త ఇబ్బంది కలగొచ్చండీ. ఫుట్‌బాల్ ప్రపంచకప్ మొదలవుతోంది కదండీ. మ్యాచ్ ఉన్న రోజుల్లో అది పూర్తయ్యేదాకా తెరుచుకోమని పర్మిషన్ వచ్చింది. వెనక ఇల్లు మీదే కాబట్టి ముందుగా ఒక మాట చెబుదామని."

"ఏ దేశంల ఎవడో బంతి తంతే మేమెందుకు నిద్ర చెడగొట్టుకోవాలె?"

"అక్కడ పగలైతే మనకు రాత్రండీ, ఏం చేస్తాం చెప్పండి. విమానం దిగినవాళ్ళు, హోటళ్ళలో ఉన్నవాళ్ళు అడుగుతున్నారండీ. మీకు రోజూ బిర్యానీ పంపిస్తాం."

"నీ బిర్యానీ నువ్వే తిను. మీ షట్టర్‌కు జర నూనె పెట్టిపియ్యి. అది దించినప్పుడల్లా నా పానం పోతున్నది."

అతను నవ్వాడు. పెద్దామె చమత్కారం అనుకున్నాడు. పాపం, మంచివాడు, ఆ సాయంత్రమే నూనె పెట్టించాడు.

కోరి కొరివితో తల గోక్కోవడం అంటే ఇదే. మొదటి మ్యాచ్ రాత్రి నేను పడుకుని చెవులు రిక్కించాను. బార్‌లో జనం ఉండుండి ఒక్కసారిగా అరుస్తున్నారు, మళ్ళీ నిశ్శబ్దం. నూనె పెట్టిన షట్టర్ చప్పుడు చేయదు, ఆ నిశ్శబ్దంలో మూశారో మూయలేదో తెలియదు. మూయకపోతే ఆయన ఇంకా తాగుతున్నట్టు. మూస్తే దారిలో ఉన్నట్టు. నా బుర్రలో లెక్క అదే తిరుగుతోంది. పండగల నాటికంటే, ఓట్ల నాటికంటే ఆలస్యమైపోతోంది. ఇంత ఆలస్యంగా ఆయన ఎప్పుడూ రాలేదు. ఇంత ఆలస్యమైతే ఎలా వస్తాడో నాకు తెలియదు.

ఆగలేక లేచి, పెరట్లో రాయెక్కి గోడ మీంచి చూశాను. సన్నగా వాన పడుతోంది. బార్ కిటికీలోంచి టీవీ వెలుగు, ఆ మైదానం పచ్చదనమంతా, సమాధి మీద పడి కదులుతోంది. లోపల ఎవరో గోల్ వేశారు కాబోలు, అందరూ అరిచారు. ఆ అరుపుల్లో ఒకటి ఆయనదే. నేను ఒట్టేసి చెప్పగలను. దిగి వచ్చి మళ్ళీ కూర వేడి చేశాను. తెల్లారేలోపు ఎన్నిసార్లు వేడి చేశానో, అడుగంటి గిన్నె మాడిపోయింది.

ఈ గొడవ నాతోనే ఉండిపోతే నేను ఇది రాసేదాన్ని కాదు. మా ఇంట్లోనే పక్క గదిలో ఒక జంట కిరాయికి ఉండేది. పెళ్ళై ఏడాది కాలేదు. అతను ఎయిర్‌పోర్టులో సరుకు ఎక్కించే పని చేసేవాడు, అర్ధరాత్రి దాటాక దిగే షిఫ్టు. షిఫ్టు దిగి వచ్చేసరికి రోజూ బార్ మూసేసి ఉండేది, అందుకని నేరుగా ఇంటికే వచ్చేవాడు. "మా ఆయనకు ఒక్క అలవాటు లేదు పెద్దమ్మా" అని ఆ పిల్ల మురిసిపోయేది. నేను ఊ కొట్టేదాన్ని. అతని మంచితనంలో సగం అతనిది, సగం ఆ షట్టర్‌ది అని నాకు తెలుసు. సెలవు రోజున సందు చివర నిలబడి అతను ఎటు చూసేవాడో నేను చూశాను.

ఇప్పుడు షిఫ్టు దిగేసరికి బార్ తెరిచి ఉంటోంది. ఫుట్‌బాల్‌లో ఒక వైపు ఎంతమంది ఆడతారో కూడా అతనికి తెలియదు. అయినా ఒక్క మ్యాచ్ వదలలేదు. ఆ పిల్ల గడప మీద కూర్చుని ఎదురుచూడడం మొదలుపెట్టింది, పక్కన కంచం, మీద బోర్లించిన ఇంకో కంచం. రెండో వారంలో ఒక పొద్దున ఆమె వాకిట్లో కూర్చుని మెతుకులు ఏరుతోంది.

"చెయ్యి జారింది పెద్దమ్మా," అంది, నేను అడగకుండానే.

చెయ్యి జారితే మెతుకులు గోడ మీదికి ఎక్కవు. ఆ సంగతి నాకు తెలిసినంత ఎవరికీ తెలియదు. మొదట అతని మీద కోపమొచ్చింది, తర్వాత మేనేజర్ మీద, ఆ తర్వాత బంతి తన్నే దేశాలన్నిటి మీదా. ఒక్కరినీ ఏమీ చేయలేను. కానీ ఆ పిల్ల నా ఇంట్లో, నా కళ్ళ ముందు నేనై కూర్చోవడం మాత్రం నేను చూడలేను అనుకున్నాను.

ఆ రాత్రి కూడా ఆమె గడప మీదే ఉంది. వెళ్ళి పక్కన కూర్చున్నాను.

"తిని పండుకో బిడ్డా. ఆయన వచ్చినప్పుడు వస్తడు."

"ఆయన తినకముందు నేనెట్ల తింట పెద్దమ్మా? నువ్వైతే సచ్చిపోయిన పెదనాయనకు గూడ రోజు కంచం పెడ్తున్నవు. బతికున్న మొగనికి నేను పెట్టొద్దా? నిన్ను చూసే నేర్చుకున్న."

నన్ను చెంప మీద కొట్టినట్టయింది. పతివ్రతనని పేరు పెట్టినప్పుడు నోరు మూసుకున్నందుకు ఇదీ ఫలం.

"గది ప్రేమతోని పెట్టింది కాదు బిడ్డా," అన్నాను. "భయంతోని పెట్టిన. ఇప్పటికీ భయంతోనే పెడ్తున్న. వేడి లేకుంటే కొడ్తడని."

"సచ్చిపోయినోడు ఎట్ల కొడ్తడు?"

"నాకు గూడ గదే సమజైతలేదు."

ఆమె నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. నా చెయ్యి పట్టుకుని చూసింది, మణికట్టు దగ్గర వంకరగా అతుక్కున్న ఎముకను వేలితో తడిమింది. దాన్ని గురించి ఎప్పుడో మెట్లు జారానని చెప్పి ఉంటాను. తర్వాత తన కంచం మీది మూత తీసి, అక్కడే కూర్చుని, ఏడుస్తూ మొత్తం తినేసింది. నా గదిలోకి తీసుకెళ్ళి పడుకోబెట్టాను. సందు వైపు గేటుకు గడియ పెట్టాను. ఆ గడియకు తుప్పు పట్టింది, రాయి పెట్టి కొడితే గానీ పడలేదు.

కోళ్ళు కూసే వేళకు అతను వచ్చాడు. గేటు ఊపాడు.

"తలుపు తియ్యి. అన్నం పెట్టు."

అవే మాటలు. అదే సాగదీత. సిగ్గు విడిచి రాస్తున్నాను, నా కాళ్ళు వాటంతట అవే గేటు దాకా నడిచాయి, చెయ్యి గడియ మీదికి పోయింది. బయట ఉన్నది పక్క గది కుర్రవాడని నాకు తెలుసు. తెలిసి కూడా, ఏ గిన్నెలో కూర ఉందా అని వెతుక్కుంటున్నాను. వీధిని వణికించే నా నోరు ఒక్క మాట పలకలేదు.

వెనకనుంచి ఆ పిల్ల వచ్చి నా చెయ్యి తప్పించింది. ఆమె గొంతు సన్నగా ఉంది, కానీ వణకలేదు.

"తాగొస్తే తలుపు తియ్య. నిషా దిగినంక రా."

బయట చప్పుడు ఆగిపోయింది. మా ఇద్దరి మీదా గేటు విరిగి పడుతుందని కళ్ళు మూసుకున్నాను. కాసేపటికి అతను, "సరే" అన్నాడు. కాళ్ళీడ్చుకుంటూ పోయి, సందు చివర బండల మీద పడుకున్నాడు. అంతే. ఆ పిల్ల వెళ్ళి నా పక్క మీద మళ్ళీ పడుకుంది, నిద్ర కూడా పోయింది.

అతను ఆనాటితో బాగుపడిపోయాడని నేను రాయను. ఆ ప్రపంచకప్ అయిపోయేలోపు ఇంకా తాగాడు, వచ్చినప్పుడల్లా బండల మీదే పడుకున్నాడు. తర్వాత బార్ వేళలు మామూలైపోయాయి. కొన్నాళ్ళకు వాళ్ళు జల్‌పల్లి వైపు ఇల్లు మారారు. వెళ్ళేటప్పుడు ఆ పిల్ల నా కాళ్ళకు మొక్కబోతే వద్దన్నాను. మొక్కాల్సింది నేనే.

ఆ గేటు దగ్గరి రాత్రి నుంచి నేను కంచం పెట్టడం మానేశాను. భయం పోయింది. భయం పోతే హాయిగా ఉంటుందని ఇన్నాళ్ళూ అనుకున్నాను, అది అబద్ధం. ఇప్పుడు నన్ను పట్టుకున్నది ఆ కుర్రవాడు అన్న "సరే". అంత చిన్న మాట. ఇరవై ఏళ్ళలో ఒక్క రాత్రైనా నేను తలుపు తియ్యనని ఉంటే మా ఆయన దాన్ని విరగ్గొట్టి నన్ను చంపేవాడని నాకు నేను చెప్పుకుంటూ వచ్చాను. చంపేవాడేమో. చాలాసార్లు అక్కడిదాకా తెచ్చాడు కూడా. కానీ ఆయన కూడా కాసేపు అలా నిలబడి, సరే అని వెళ్ళి పడుకునే మనిషేనేమో. నాకు తెలియదు. తెలుసుకునే దారి లేదు.

అందుకని ఇప్పుడు రాత్రుళ్ళు ఆయన రావాలనే ఉంటోంది నాకు. ఒక్కసారి వస్తే చాలు. గడియ వేసి ఇవతల నిలబడి, తియ్యను అని చెప్పి, ఏమంటాడో వినాలని.