మాసెన్‌కు తోక

జపాన్ వాళ్ళ ఫ్యాక్టరీలో నేను వెల్డర్ని. సూపర్‌వైజర్ కావాలంటే వాళ్ళ భాష రావాలన్నారు. అందుకని మద్రాసు పురసవాక్కంలో, ఒక బట్టల షాపు పైన నడిచే క్లాసులో చేరాను. చుట్టూ అందరూ ఇంజినీర్లు. నేనేమో ఎనిమిదో తరగతిలోనే బడికి దణ్ణం పెట్టినవాణ్ణి.

ఆ రోజు పాఠం, మర్యాదగా కాదనడం. ‘ఇకిమాస్’ అంటే వెళ్తాను, ‘ఇకిమాసెన్’ అంటే వెళ్ళను. నా వంతు రాగానే గట్టిగా “ఇకిమాసెనండి” అన్నాను. క్లాసంతా గొల్లుమంది.

మద్రాసులోనే పుట్టి పెరిగిన మా టీచరమ్మ మాత్రం నవ్వలేదు. “మర్యాద ఆ మాసెన్‌లోనే ఉండాది కదయ్యా. దానికి మళ్ళీ ‘అండి’ అని తోక ఏంటికి?”

“మాది గోదావరి జిల్లా మేడమ్. అండి లేకుండా వెళ్ళనంటే మా ఇంట్లో వీపు విమానం మోతేనండి.”

ఈసారి ఇంకా గట్టిగా నవ్వారు. ఆమెకు కోపం వచ్చింది.

“చదువు లేనోళ్ళకి ఇది కుదరదుప్పా. నీ వల్ల క్లాసు చెడతా ఉండాది. రేపట్నించి ఈడికి రావద్దు. మానేస్తావా, లేదా?”

నవ్వులు ఆగిపోయాయి. మానేయడాన్ని ‘యమెమాస్’ అంటారని అంతకుముందు వారమే ఆవిడ బోర్డు మీద రాసింది. నేను లేచి నిలబడ్డాను.

“యమెమాసెన్.”

ఆమెకు దిద్దడానికి తప్పేమీ దొరకలేదు. “కరెక్టే,” అని ఒప్పుకుని పక్కవాణ్ణి లేపింది. మానేయమన్న మాట మళ్ళీ ఎత్తలేదు. ఎత్తినా నా జవాబు అదే.