చేప కడుపులో పుస్తెలు

విలేకరి గారు పోయారని పొద్దున టీ కొట్టతను చెప్పాడు. "నీకెవరు చెప్పారు?" అని అడిగాను. పాలవాడు చెప్పాడట. పాలవాడికి ఎవరు చెప్పారో తెలియదు. అలా అడగడం నాకు అలవాటు చేసింది ఆ పోయిన మనిషే. నేరుగా ఇంటికి వెళ్ళి చూశాను. నిజమే.

ఆయన బందరు నుంచి ఒక పేపరుకు వార్తలు పంపేవారు. నేను పక్కనే గిలకలదిండి రేవులో ఐసు ఫ్యాక్టరీ లెక్కలు రాస్తాను. పడవల సంగతులు కనుక్కోవడానికి సాయంత్రాలు నా దగ్గరికి వచ్చి కూర్చునేవారు. నేను పెద్దగా మాట్లాడను. ఆయనకు అదే నచ్చేదేమో.

ఉప్పెన వచ్చి వెళ్ళాక, దివిసీమలో శవాలు ఇంకా దొరుకుతున్న రోజుల్లో, పండుగప్ప చేప కడుపులో ఎవరివో పుస్తెలు దొరికాయని టీ కొట్టులో మాట పుట్టింది. "దొరికాయని చెప్పుకుంటున్నారు" అని ఆయన నాలుగు ముక్కలు రాశారు. కొద్దిరోజులకే గుడివాడ విలేకరి మరో పేపర్లో అదే రాశాడు. అందులో "చెప్పుకుంటున్నారు" లేదు. దొరికాయనే ఉంది. గుడివాడ దాకా తెలిసిందంటే నిజమేననుకుని మా విలేకరి గారు మళ్ళీ, ఈసారి పెద్దగా రాశారు.

చేపలు కొనేవాళ్ళు లేకుండా పోయారు. గంపలో చేపలమ్మి పిల్లల్ని సాకుతున్న ఒకావిడ ఆయన ముందు నిండు గంప దించింది. కోప్పడుతుందనుకున్నాను. "బాబూ, ఆ పుస్తెలు ఎవరి దగ్గరున్నాయో కనుక్కోండి. మా అక్క ఇంకా దొరకలేదు. చూస్తే గుర్తుపడతాను" అంది.

మర్నాడు ఆయన నన్ను తోడు తీసుకుని గుడివాడ బస్సెక్కారు. అక్కడి విలేకరి నవ్వాడు. "భలేవారండీ. మీరు రాశారనే కదా మేం రాసింది." తిరిగొచ్చి టీ కొట్టతన్ని అడిగితే, "పేపర్లో వచ్చిందిగా అండీ, అదీ రెండు పేపర్లలో" అన్నాడు. మొదట ఎవరన్నారో అతనికి గుర్తే లేదు.

ఆయనే వెళ్ళి ఆవిడకు చెప్పారు. "పుస్తెలు లేవమ్మా. నేను చూడకుండా రాశాను."

"లేవా బాబూ" అంది, అంతే.

"నలుగురు చెప్పారంటే నలుగురు చూశారని కాదయ్యా. ఒక్కడన్నది నలుగురు విన్నారని" అనేవారు తర్వాత.

సవరణ పంపితే లోపలి పేజీలో, టెండరు ప్రకటన కింద పడింది. ఎవరూ చదవలేదు. ఇక ఆయన రోజూ ఆవిడ దగ్గరే ఒక చేప కొని, మొప్పల్లోంచి తాటినార దూర్చి సైకిలు హ్యాండిలుకు వేలాడదీసి, దగ్గరి దారి మానేసి బజారంతా చుట్టి ఇంటికెళ్ళేవారు.

"ఏం విలేకరి గారూ, పుస్తెలున్నాయా లోపల?" అని వెక్కిరించేవాళ్ళు.

"ఇంటికి రా, నీ ముందే కోయిస్తాను."

ఎవరూ వెళ్ళలేదు. కొన్నాళ్ళకు చేపలు మాత్రం మళ్ళీ కొనడం మొదలుపెట్టారు.

ఇవాళ ఆయన ఇంటి ముందు జనంలో ఎవరో మెల్లగా అంటున్నారు, "చేపలో పుస్తెలు దొరికాయని రాసింది ఈయనే. నిజమేలే, రెండు పేపర్లలో వచ్చింది."

ఆవిడ గంప పక్కన పెట్టి, గోడకు ఆనించిన ఆయన సైకిలు దగ్గర నిలబడి ఉంది. హ్యాండిలుకు నార ఇంకా వేలాడుతోంది. వాళ్ళ అక్క ఇప్పటికీ దొరకలేదు. ఆ మాట విని ఆవిడ నావైపు తిరిగింది.

"రెండు పేపర్లలోనా, అన్నా?" అని అడిగింది.